నదీముఖదుర్గము – దుర్గలంభోపాయములు: బందరుకోట పతనము (1759) – ఒక పరిశీలనము

మన ప్రాచ్యకళాశాలలలో అర్థశాస్త్రమును బోధించునపుడు దుర్గవిధానము, దుర్గలంభోపాయము అను భాగములు తఱచుగా పేర్ల పట్టికతోనే ముగిసిపోవుచున్నవి. ఔదకము, పార్వతము, ధాన్వనము, వనదుర్గము అని నాలుగు విధములను చెప్పుదుము. ఉపజాపాది పంచోపాయములను వల్లె వేయింతుము. పరీక్షకు ఇంతమాత్రము చాలునని విద్యార్థి తృప్తి చెందును, అధ్యాపకుడును ముందునకు సాగును. కాని ఆ పేర్లలో ఏది ఎట్టి నేలయందు, ఎట్టి నీటియందు, ఎట్టి మనుష్యులయందు నిజమగునో చూపనిచో శాస్త్రము పదకోశముగా మాత్రమే మిగులును.

ఇందులకు ఉదాహరణము కొఱకు మగధకు పోనక్కఱలేదు. భీమవరమునకు ఒకవైపున వసిష్ఠగోదావరి యొడ్డున నరసాపురము కలదు. మఱియొకవైపున కొల్లేటిని దాటి, కృష్ణా డెల్టా యుత్తరపు టంచున మచిలీపట్టణము కలదు. 1758 డిసెంబరు మొదలు 1759 ఏప్రిల్ వఱకు ఈ నడుమనున్న దేశమంతయు ఒక రేవుకోట కొఱకు జరిగిన పోరాటమునకు రంగస్థలమయ్యెను. ఆ కోటయే బందరుకోట. అది ఒక్క రాత్రిలో పడిపోయెను. లోపలనున్న సైన్యము, పట్టుకొన వచ్చిన సైన్యముకంటె అధికము. కోటగోడలు నిలిచియే యున్నవి. సహాయసైన్యము దగ్గఱలోనే యున్నది. అయినను కోట పడినది. ఎందులకు? ఈ ప్రశ్నకు కౌటిలీయము ఎంతవఱకు సమాధానము చెప్పగలదు, ఎచట చెప్పజాలదు అనునదియే ఈ వ్యాసమునందలి విచారము.

1. పత్తనము, పుటభేదనము, బందరు

ముందుగా పదవిచారము. అమరసింహుడు పత్తనమును, పుటభేదనమును నగరపర్యాయములలో పఠించెను. సరకుల మూటలను విప్పు చోటు గనుక పుటభేదనమని వ్యాఖ్యాతలు వివరించిరి. పట్టన, పత్తన శబ్దములకు భేదము చెప్పిన వ్యాఖ్యాతలును కలరు: బండ్లకును గుఱ్ఱములకును నావలకును కూడ అందునది యొకటి, నావలకు మాత్రమే అందునది మఱియొకటి. తెలుగున పట్టణము, పట్నము అనునవి సామాన్యముగా నగరవాచకములైనవి. ఓడలు చేరు తావునకు రేవు అను మాట నిలిచినది. బందరు అనునది పారసీకమునుండి వచ్చిన రేవువాచకము. కావున మచిలీబందరు అన్నను మచిలీపట్టణము అన్నను అర్థమున నొక్కటియే.

ఈ రేవు గోలకొండ కుతుబుషాహీల కాలమున ప్రధానమైన సముద్రద్వారము. 17వ శతాబ్ది తొలి దశకమున డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇచట వర్తకస్థానములను నెలకొల్పిరి. గోదావరీముఖమున నరసాపురము ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి వహించెను. దాని చేరువనున్న మాధవాయపాలెము పేరు, అచటినుండి పోయిన వస్త్రముపేరై, మడపొల్లమను రూపమున యూరపుఖండము వఱకు వ్యాపించెను. పాలకొల్లున డచ్చివారి వర్తకస్థానముండెను. అనగా కృష్ణా గోదావరుల ముఖములయందలి రేవులన్నియు ఒక్క వలలోని ముడులవంటివి. వానిలో పెద్దముడి బందరు.

రేవును రక్షించు రాజధర్మము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు నావధ్యక్షుని విధులలో గాలివానకు చిక్కిన నావను తండ్రివలె ఆదుకొనవలెనని విధించెను. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్ది నడుమ మోటుపల్లిలో వేయించిన అభయశాసనము, ఓడలు పగిలి వచ్చిన వర్తకుల సొత్తును పూర్వరాజులవలె హరింపక, సుంకము మాత్రమే గ్రహింతుమని వాగ్దానము చేసెను. కాని 1750 తరువాత బందరున జరిగినది వేఱు. వర్తకస్థానము దుర్గమయ్యెను; సుంకము సైన్యవేతనమయ్యెను.

2. పూర్వరంగము

1750లో ఫ్రెంచివారు మచిలీపట్టణమును ఆక్రమించిరి. 1753లో నిజాము సలాబతుజంగు తనకు అండగా నున్న బుస్సీ సైన్యపు వేతనముల నిమిత్తము ముస్తఫానగరము (కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను వారి కిచ్చెను. ఈ దేశపు జమీందారులు బుస్సీకి కప్పము చెల్లింపవలసిన వారైరి. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బుస్సీకి చేరువయ్యెను. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము జరిగెను. దాని వెంటనే తాండ్ర పాపారాయని చేత విజయరామరాజు నిహతుడయ్యెను. ఆ యేటి జూన్ మాసమున బుస్సీ విశాఖపట్టణమునందలి ఆంగ్లేయుల కోటను కూడ వశపఱచుకొనెను.

బొబ్బిలి కథను మనము ఎఱుగుదుము. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము మొదలు జంగముకథల వఱకు అది తెలుగునాట మాఱుమ్రోగినది. బొబ్బిలికి దక్కిన ఆ కావ్యప్రసిద్ధి బందరు ముట్టడికి దక్కలేదు. కాని బొబ్బిలి ఒక వంశపు గతిని మార్చెను. బందరు ఒక దేశపు గతిని మార్చెను. ఒకదాని కొకటి కారణము కూడ. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారితో విరోధించెను. 1758 జూన్ మాసమున ఫ్రెంచి సేనాధిపతి లాలీ, చెన్నపట్టణముపై దాడికి బలము కావలెనని, బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనెను. ఆతని స్థానమున కాన్‌ఫ్లాన్సు అనువాడు సర్కారులకు వచ్చెను. ఈ సందు చూచి ఆనందగజపతి విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగికొని, ఆంగ్లేయులకు కబురు పంపెను. చెన్నపట్టణమువారు తమ రక్షణకే చాలని స్థితిలో నుండిరి. కలకత్తాలోని క్లైవు మాత్రము కర్నల్ ఫోర్డు నాయకత్వమున సుమారు 500 మంది యూరోపియనులను, 2,000 మంది సిపాయిలను సముద్రమార్గమున పంపెను. వారు 1758 అక్టోబరు 20వ తేదీ ప్రాంతమున విశాఖపట్టణమున దిగిరి.

షాడ్గుణ్యపరిభాషలో ఆనందగజపతి చేసినది సంశ్రయము. బలవంతుడైన శత్రువునుండి రక్షణకై అంతకంటె బలవంతుని నాశ్రయించుట సంశ్రయమని శాస్త్రము. కాని ఆశ్రయింపబడినవాడు శత్రువుకంటె బలవంతుడు కానిచో ఆ యాశ్రయము వలదనియు, బలవంతునితో సమాగమమే రాజులకు పెద్ద దోషమనియు కౌటిల్యుడు హెచ్చరించెను. ఈ రెండవ మాటను మనము పాఠములలో తఱచుగా విడిచిపెట్టుచున్నాము. దాని ఫలము ముందు తేటపడును.

3. చందుర్తినుండి బందరు వఱకు

1758 డిసెంబరు మాసమున పిఠాపురము చేరువ చందుర్తియొద్ద రెండు సైన్యములును తలపడెను. ఆంగ్లగ్రంథములలో ఇది కొండూరు యుద్ధమని వ్యవహరింపబడుచున్నది. కాన్‌ఫ్లాన్సు వెంట 500 మంది యూరోపియనులు, సుమారు 6,000 మంది సిపాయిలు ఉండిరి. ఫోర్డు సిపాయిలలో కొందఱు ఎఱ్ఱని దుస్తులు ధరించియుండిరి. ఫ్రెంచివారు వారినే యూరోపియనులని భ్రమించి, తమ ముఖ్యబలముతో వారిపై పడి తఱిమిరి. ఆ వరుస చెదరినపుడు ఫోర్డు యూరోపియను దళము ప్రక్కనుండి తాకెను. కాన్‌ఫ్లాన్సు పరాజితుడై గుఱ్ఱమెక్కి పలాయనము చేసెను. కెప్టెన్ నాక్స్ ముందు నడచి రాజమహేంద్రవరమును పట్టుకొనెను.

రాజమహేంద్రవరము చేజిక్కిన వెంటనే బందరుపై పడినచో కార్యము సులభముగా నుండెడిది. కాని ధనము లేదు. సైన్యవ్యయమున కిత్తునన్న సొమ్మును ఆనందగజపతి ఇయ్యలేకపోయెను; ఈ తగవులో వారములు గడచెను. గోదావరిని దాటి ఫోర్డు 1759 ఫిబ్రవరి 6న ఏలూరు చేరెను. అచటినుండి నాక్స్ దళము నరసాపురమును స్వాధీనపఱచుకొనెను. నదీముఖమునందలి చిన్నరేవు ముందు పోయెను; పెద్దరేవుపైకి త్రోవ ఏర్పడెను. మార్చి 6న ఫోర్డు బందరుకోట యెదుట విడిసెను.

ఇంతలో వెనుకనుండి ముప్పు పుట్టెను. డూ రోషే అను ఫ్రెంచి నాయకుని దళము రాజమహేంద్రవరమును తిరిగి పట్టుకొనెను. సలాబతుజంగు 15,000 గుఱ్ఱపు దళముతోను 20,000 పదాతులతోను బెజవాడ దిక్కునకు వచ్చుచుండెను. కౌటిలీయమున వెనుకనుండి మడమ పట్టు శత్రువునకు పార్ష్ణిగ్రాహుడని పేరు. ఫోర్డునకు పార్ష్ణిగ్రాహులు ఇద్దఱు. ముందు కోట, వెనుక ఇద్దఱు శత్రువులు, సంచిలో ధనము లేదు. ఆనందగజపతి భయపడి ఒక రాత్రి తన సేనలతో ఇంటిదారి పట్టెను. ఆ దారిని శత్రువులు మూసియున్నారనియు, ఒంటరిగా పోవుటకంటె కలసి నిలుచుటయే ప్రాణరక్షణమనియు నచ్చజెప్పి ఫోర్డు ఆతనిని మరలించెను.

4. కోటలక్షణము

బందరుకోట ఊరిలో లేదు. ఊరికి ఆగ్నేయమున సుమారు మైలున్నర దూరమున, సముద్రపుపాయ యొడ్డున, బురదనేలల నడుమ నుండెను. దక్షిణమున ఉప్పుటేఱు, తక్కిన దిక్కులలో ఆటుపోటులకు తడియు రొంపి. ఊరినుండి కోటకు వాయవ్యపుద్వారమునకు పోవు కట్టబాట ఒక్కటియే చక్కని త్రోవ. ఫ్రెంచివారు 1751 మొదలు దీనిని నూతనపద్ధతిని బలపఱచి, బురుజులను కందకమును ఏర్పఱచిరి. పెద్ద ఓడలు తీరమునకు దూరముననే లంగరు వేయవలెను. సరకును జనమును పడవలపై లోనికి రావలెను. ఇది కౌటిల్యుని విభాగములో ఔదకదుర్గము. మనుస్మృతి ఎన్నిన ఆఱు దుర్గములలో జలదుర్గము.

జలదుర్గమును గూర్చి కౌటిల్యుడు రెండు తావులలో రెండు రీతుల మాటలాడెను. దుర్గవిధానమున అది జనపదరక్షకమని ప్రశంసించెను. షాడ్గుణ్యమునందలి భూమిసంధి విచారమున ఎవని భూమిని పొందుట మేలు అని తూచునపుడు లోతుగా పరిశీలించెను. నేలకోటను చుట్టుముట్టుట సులభము, పైబడుట సులభము, లోపలివారు తప్పించుకొనలేరు. నదీదుర్గమో, రెట్టింపు శ్రమ కలిగించును. త్రాగుటకు నీరును బ్రదుకుటకు ఆధారమును లోపలివారికి ఆ నీరే యిచ్చును. ఇది యొక ముఖము. వెంటనే గిరిదుర్గముతో పోల్చి రెండవ ముఖమును చూపెను: నదీదుర్గము ఏనుగులతో, దూలపు వంతెనలతో, కట్టలతో, పడవలతో సాధ్యము, దాని లోతు ఎల్లకాలము ఒక్కరీతి నుండదు, నీటిని తీసివేయవచ్చును.

ఈ లోతు నిత్యము కాదను మాటయే మన విచారమునకు తాళపుచెవి. దీనిని అనిత్యగాంభీర్య లక్షణమందము. గోడ పగలును రాత్రియు ఒక్కటియే. నీరు అట్లు కాదు. దినమునకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీయు ఉప్పుటేటి యొడ్డున కట్టిన కోట దినమునకు రెండుసార్లు సగము దుర్బలమగును. ఆ సమయమును ఎఱిగినవానికి అది జలదుర్గము కాదు, బురదదుర్గము మాత్రమే. ఫ్రెంచివారు నైరృతదిక్కున రొంపిని నమ్మి రక్షణను సడలించిరి. నీటిని నమ్మినవారు నీటి గడియారమును మఱచిరి.

5. పంచోపాయములు – ఏప్రిల్ 7 రాత్రి

అర్థశాస్త్రపు పదుమూడవ అధికరణమున కోటను పట్టుటకు ఐదు సాధనములు చెప్పబడినవి: ఉపజాపము (లోపలివారిని విడదీయుట), అపసర్పము (గూఢచారులు), వామనము (లోపలివారిని వెలికి లాగుట), పర్యుపాసనము (ముట్టడి), అవమర్దము (పైబడి పట్టుట). ఈ క్రమము ఊరక చెప్పినది కాదు. అల్పవ్యయమునుండి అధికవ్యయమునకు పోవు క్రమమిది. మొదటి మూడును తీఱనిచో ముట్టడి, ముట్టడియు తీఱనిచో ప్రాణములొడ్డి పైబడుట.

ఫోర్డు స్థితి ఈ క్రమమును తలక్రిందు చేసెను. ఉపజాపమునకు వ్యవధి లేదు. వామనమునకు శత్రువు లోబడలేదు. కాన్‌ఫ్లాన్సు లోపలనే యుండెను. వాస్తవమునకు ఆతడు వెలికి వచ్చి పోరినను ఆతని బలమే అధికము. రాకపోవుటయే ఆతని దోషము. ఇక పర్యుపాసనము. ముట్టడించువాడు కాలమును, ఆహారమును, ధనమును లోపలివానికంటె ఎక్కువగా కలిగియుండవలెను. ఇచట ముట్టడించినవానికే అవి కఱవు. పైగా కోటకు సముద్రద్వారము తెఱచియున్నది. కావున ఇది పేరునకు ముట్టడి. నిజమునకు, ఎవరు ముందు అలసిపోవుదురను పందెము.

మార్చి 25 మొదలు ఈశాన్యమున ఇసుకదిబ్బలపైనుండి ఫిరంగులు మ్రోగెను. హార్డ్‌విక్ అను ఓడ ఆంగ్లేయులకు సామగ్రి చేర్చుచుండెను. అంతకు కొలది దినముల ముందే యూరోపియను సైనికులు తిరుగబడిరి. వారికి రావలసిన కొల్లసొమ్ము రాలేదు. అది రానిదే, కోట చిక్కినపుడు సొత్తంతయు తమదే యని మాట యిచ్చినగాని, పని చేయమని ఆయుధములతో నిలిచిరి. కౌటిల్యుడు బలవ్యసనములలో అభృతమును, అనగా జీతము ముట్టని సైన్యమును, ఎన్నెను. రోగగ్రస్తమైన సైన్యముతో దానిని పోల్చి, జీతము ముట్టనిది అప్పటికప్పుడు జీత మిచ్చినచో పోరును, రోగగ్రస్తమైనది ఎన్నడును పోరజాలదు అని నిర్ణయించెను. ఫోర్డు చేసినది సరిగా ఇదియే, కాని చేతిలో సొమ్ము లేదు గనుక మాటతో చేసెను. వారు మరల పనిలోనికి వచ్చిరి.

ఏప్రిల్ 7న ఫోర్డునకు తెలిసినది: మందుగుండు రెండు దినములకు మాత్రమే చాలును. సలాబతుజంగు దగ్గఱకు వచ్చుచున్నాడు. ఫ్రెంచి సహాయపు టోడలు రావచ్చును. మరలిపోవుటకు దారి లేదు. ఆ రాత్రియే అవమర్దమునకు నిశ్చయించెను. మూడు దాడులు. ఆనందగజపతి సేనలు కట్టబాటపై వాయవ్యద్వారమువద్ద కోలాహలము చేయవలెను. నాక్స్ సిపాయిలతో నైరృతపు రొంపిని దాటి రెండవ కపటదాడి చేయవలెను. ముఖ్యబలము ఈశాన్యపు బురుజుపై పడవలెను. సమయము అర్ధరాత్రి. ఏల అర్ధరాత్రి? చీకటి కొఱకు మాత్రము కాదు. ఆ గడియకు ఉప్పుటేటి పోటు పూర్తిగా తీయును. అనిత్యగాంభీర్యము ఇచట ప్రత్యక్షమైనది.

ఫోర్డు చేతనున్నది 346 మంది యూరోపియనులు (వీరిలో 30 మంది నావికులు), 1,400 మంది సిపాయిలు, వీరికి తోడు గజపతి సేనలు. లోపల కాన్‌ఫ్లాన్సు నలుదిక్కులనుండి వచ్చు వార్తలకు తికమకపడి, ఎచటికి బలమును పంపవలెనో తెలియక, తెల్లవాఱక మునుపే లొంగిపోయెను. పట్టుబడినవారు 500 మంది యూరోపియనులు, 2,537 మంది దేశీయులు. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే అధికము. సుమారు 120 ఫిరంగులు చిక్కెను. ఆంగ్లేయుల పక్షమున 22 మంది యూరోపియనులు, 50 మంది సిపాయిలు చనిపోయిరి. 62 మంది యూరోపియనులు, 150 మంది సిపాయిలు గాయపడిరి. కొలది దినములకు మొరాసిన్ అను ఫ్రెంచి అధికారి 300 మందితో ఓడలపై వచ్చెను. కోటపై నున్నది పరుల జెండా, దిగక మరలిపోయెను.

ఈ సంఖ్యలయందు ఒక్క విషయమును గుర్తింపవలెను. ఆంగ్ల చరిత్రకారులు, ముఖ్యముగా ఈ యుద్ధమును విపులముగా వ్రాసిన రాబర్టు ఓర్మ్, యూరోపియను అధికారుల పేర్లను ఒక్కొక్కటిగా చెప్పిరి. మరణించిన 50 మంది సిపాయిల పేర్లు చరిత్రలో లేవు. లోపల పోరినవారును వెలుపల పోరినవారును ఎక్కువమంది ఈ దేశపువారే. వంగదేశమున ఆ కాలమున సిపాయిని తిలంగా అని పిలుచు వాడుక యేర్పడెను. మన దేశపు పేరు అచట కూలికి పోరు సైనికునికి పర్యాయపదమయ్యెను. శబ్దార్థవిచారము చేయువారికి ఇది చిన్న విషయము కాదు.

6. సప్తాంగములలో చెడినది ఏది?

స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అని రాజ్యమునకు ఏడంగములు. వీనిలో ముందు చెప్పినదానికి కలుగు వ్యసనము తరువాతిదాని వ్యసనముకంటె గురుతరమని కౌటిల్యుని సిద్ధాంతము. దీనిని బందరుకు అన్వయించి చూతము.

ఫ్రెంచివారికి దుర్గము చెడలేదు. దండము చెడలేదు, సంఖ్యలో అధికము. మిత్రుడు దూరమున లేడు. బెజవాడ బందరుకు సుమారు 40 మైళ్లు. కాని ఆ మిత్రుడు ఆసనమును వహించెను, అనగా ఎవరు గెలుతురో చూచుచు కూర్చుండెను. కోశము లోపించినది, అది ఉభయులకును సమానము. ఇక మొదటి మూడంగములు. స్వామిస్థానమున నాలుగేండ్లు ఈ దేశమును నడపిన బుస్సీని తీసివేసి, దేశమెఱుగని కాన్‌ఫ్లాన్సును నిలిపిరి. అమాత్యస్థానమున బందరు వ్యవహారములను చక్కబెట్టుచుండిన మొరాసినును కూడ దక్షిణమునకు పిలిచికొనిరి. జనపదము, అనగా జమీందారులు, చేజాఱిరి. మొదటి మూడంగములు చెడగా నాలుగవదియు ఆఱవదియు ఎంత బలముగా నున్నను నిలువలేదు. ఫోర్డు పక్షమున దీనికి విపర్యయము: కోశము శూన్యము, దండము అల్పము, మిత్రుడు చంచలుడు; నాయకుడు మాత్రము దృఢుడు. అంగక్రమసిద్ధాంతమునకు ఇంతకంటె చక్కని నిదర్శనమును మన ప్రాంతచరిత్రలో నే నెఱుగను.

7. శాస్త్రమునకు అందనిది

ఇంతవఱకు చెప్పినది విని, అంతయు మన శాస్త్రముననే కలదని సంతోషించువారు కలరు. ఆ సంతోషమునకు ఒక హద్దు గీయవలసియున్నది. ఫోర్డుగాని కాన్‌ఫ్లాన్సుగాని అర్థశాస్త్రమును చదివినవారు కారు. ఆ గ్రంథమే 1905లో మైసూరున బయటపడి, 1909లో ఆర్. శామశాస్త్రి గారిచే ముద్రింపబడెను. కావున శాస్త్రము ఈ విజయమునకు కారణము కాదు, వివరణము మాత్రమే. వైద్యశాస్త్రమును చదువనివానికిని జ్వరము వచ్చును. శాస్త్రము దాని లక్షణమును చెప్పును.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. కౌటిల్యుని రాజమండలము నేలపై గీచిన వలయము. అందు స్వామి తన జనపదమున నుండును. కోశము ఆ జనపదమునుండి పుట్టును. దండము ఆ కోశమునుండి పుట్టును. 1759లో బందరున పోరిన రెండు పక్షములకును ఈ క్రమము వర్తింపదు. స్వామి ఎవరు? ఒకనికి కలకత్తాలో ఒక సభ, వేఱొకనికి పుదుచ్చేరిలో ఒక సేనాధిపతి. వారికిని పైన సముద్రముల కావల వర్తకసంఘములు, రాజులు. ఆజ్ఞ ఓడపై వచ్చును, సైన్యము ఓడపై వచ్చును. ఫ్రెంచి నౌకాదళము 1758 సెప్టెంబరులో హిందూదేశతీరమును విడిచి మారిషసు దీవికి పోయెను. ఆ దినముననే బందరుకోట సముద్రద్వారము సగము మూసికొనిపోయెనని చెప్పవచ్చును. జలదుర్గమునకు ప్రాకారము నీరు కాదు, నీటిపై తిరుగు నావలు. ఈ సూత్రము కౌటిలీయమున లేదు. నావధ్యక్షుడు సుంకము గ్రహించును, దొంగనావలను పట్టును. సముద్రముపై ఆధిపత్యముతో రాజ్యమును గెలుచు విజిగీషువు ఆ గ్రంథమున కనబడడు.

మన ప్రభువులు ఓడినది ఈ తావుననే. ఆనందగజపతి మండలమును పాతరీతిని లెక్కించెను: శత్రువునకు శత్రువు మిత్రుడు. నేలపై ఇది సరియైన లెక్క. కాని ఆతడు పిలిచిన మిత్రుడు పని ముగిసిన పిదప తన జనపదమునకు మరలిపోవు పొరుగురాజు కాడు. వానికి పొరుగే లేదు; రేవు దొరికిన చోటెల్ల వానికి జనపదమే.

8. ఫలము

1759 మే 14న సలాబతుజంగు గెలిచినవారితో సంధి చేసికొనెను. మచిలీపట్టణము, నిజాముపట్టణము మొదలగు ప్రాంతములు, తీరము వెంబడి సుమారు 80 మైళ్లు, లోనికి సుమారు 20 మైళ్లు, ఆంగ్లేయుల వశమయ్యెను. ఫ్రెంచివారిని ఈ దేశమున నిలువనీయనని నిజాము ఒప్పుకొనెను. ఆనందగజపతి 1760లో గతించెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోను, 1766లో నిజాము అలీతో జరిగిన సంధితోను, ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలోనికి పోయెను. గుంటూరు సర్కారు 1788లో చేరెను. గంజాము మొదలు కృష్ణ వఱకు తెలుగుతీరము పరాధీనమగుటకు ద్వారము ఆ యేప్రిల్ రాత్రి తెఱువబడినది. బొబ్బిలి కోటలో చనిపోయినవారికి మనము కన్నీరు కార్చితిమి, అది తగును. కాని బందరుకోటలో పెద్దగా ప్రాణనష్టము లేకయే మన దేశము చేతులు మాఱిన సంగతిని పాఠముగా చదువలేదు.

పట్టణము తరువాత కూడ నీటివలన బాధపడెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని బలిగొనెను. కోటను నమ్మినవారిని ఆటుపోటులు మోసగించినట్లే, ఒడ్డును నమ్మినవారిని కెరటము మోసగించెను. 2023లో ఆ తీరమున క్రొత్త రేవు నిర్మాణము ఆరంభమైనది. రేవు నిర్మించువారు వర్తకమును మాత్రమే గాక నీటి స్వభావమును కూడ లెక్కింపవలెనని ఈ చరిత్ర చెప్పుచున్నది.

9. బోధనకు ఉపయోగము

అధ్యాపకమిత్రులకు నా విన్నపము మూడు మాటలు. మొదటిది: దుర్గభేదములను చెప్పునపుడు మన జిల్లాల కోటలతో సమన్వయించి చెప్పవలెను. కొండపల్లి గిరిదుర్గము, బందరు జలదుర్గము, రాజమహేంద్రవరము నదీతీరదుర్గము. విద్యార్థిని తీసికొనిపోయి చూపగల దూరముననే ఇవన్నియు కలవు. రెండవది: షాడ్గుణ్యమును వల్లె వేయించుటతో ఆపక, ఆనందగజపతి సంశ్రయము యుక్తమా అయుక్తమా అని పూర్వపక్షసిద్ధాంతములుగా వాదము చేయింపవలెను. ఫ్రెంచివారి చేతిలో మిగిలియుండుట మేలా, ఆంగ్లేయుల నాశ్రయించుట మేలా, లేక సలాబతుజంగువలె ఆసనము వహించుట మేలా? మూడు పక్షములకును హేతువులు కలవు. పాఠశాలలలో తర్కము చదివినవారికి ఈ వాదము కష్టము కాదు. శాస్త్రము ప్రాణము పోసికొనునది అట్టి వాదముననే. మూడవది: శాస్త్రము చెప్పనిది ఎచట మొదలగునో కూడ విద్యార్థికి చూపవలెను. గ్రంథమునకు హద్దు చూపుట గ్రంథమును అవమానించుట కాదు. హద్దు తెలియని పొలమును దున్నుట కుదరదు.

బందరుకోట పతనమునుండి తేలిన సారమిది. గోడయు నీరును కోటకు శరీరము. దానిని నిలుపునవి నాయకుడు, మంత్రి, జనపదము. నీటిని నమ్మువాడు అది తీయు గడియను కూడ ఎఱిగియుండవలెను. బలవంతుని సహాయమునకు పిలుచువాడు, ఆతడు మరలిపోవు త్రోవను ముందే చూచుకొనవలెను. మొదటి రెండును కౌటిల్యుడు చెప్పినవే. మూడవదానిని ఆతడు హెచ్చరికగా చెప్పి విడువగా, మన తీరము దానికి రెండువందల యేండ్ల వ్యాఖ్యానమును వ్రాసికొన్నది.